వెండర్స్ రోడ్ ట్రిలజీ బ్లూరే బాక్స్ సెట్: మూడో డిస్క్ కోసమే కొనేయొచ్చు

పర్ఫెక్ట్ డేస్ చూసినప్పటి నుంచి ఈ బాక్స్ మీద మనసు పడింది నాకు. ఆ సినిమాలో టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు కడిగే ఆయన ఉంటాడు కదా, పొద్దున్నే లేచి వ్యాన్ ఎక్కి క్యాసెట్ పెట్టుకుని పనికి పోతాడు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు, కానీ చేసే పని మాత్రం పూజలా చేస్తాడు. 2023 కేన్స్‌లో కోజీ యకుషోకి బెస్ట్ యాక్టర్ వచ్చింది ఆ పాత్రకే. అసలు ఈ మనిషిని ఆ సినిమా తీసిన జర్మన్ డైరెక్టర్ విమ్ వెండర్స్ ఎక్కడి నుంచి పట్టుకొచ్చాడా అని వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోతే 1976లో తేలాను. అక్కడ ఇంకొకడున్నాడు, జర్మనీలో, ఒక పెద్ద పాత ట్రక్కు, అందులో రికార్డ్ ప్లేయర్, ఊరూరా తిరిగి సినిమా హాళ్లలో ప్రొజెక్టర్లు రిపేర్ చేయడం వాడి పని. మధ్యలో 47 ఏళ్లున్నా ఇద్దరూ ఒకటే మనిషి అనిపించారు నాకు.

ఆ ట్రక్కు సినిమా ఉన్న బాక్సే ఇది. 2016లో మంచి సినిమాలు డిస్కుల మీద వేసే అమెరికా కంపెనీ క్రైటీరియన్ వాళ్లు తెచ్చారు, మూడు డిస్కులు, ఆలిస్ ఇన్ ద సిటీస్ (1974), రాంగ్ మూవ్ (1975), కింగ్స్ ఆఫ్ ద రోడ్ (1976). మూడింటిలోనూ హీరో రూడిగర్ వోగ్లరే, కెమెరా రాబీ ముల్లరే. కథలకి ఒకదానితో ఒకటి సంబంధం లేదు, మూడూ జర్నీలు అంతే. నాకొచ్చిన సెట్‌కి పార్సిల్‌లో ఒక మూల నలిగిపోయింది, అమ్మినవాళ్లకి ఫోటో పంపితే మార్చి ఇస్తామన్నారు కానీ లోపల డిస్కులు బానే ఉన్నాయి కదా అని నేనే వద్దన్నా.

వెండర్స్ గురించి కొంచెం తెలిస్తే ఈ సినిమాలు ఇంకోలా కనపడతాయి కాబట్టి అది ముందు చెప్తా. ఆయన పుట్టింది 1945 ఆగస్టు 14న డ్యుసెల్‌డార్ఫ్‌లో, అంటే యూరప్‌లో యుద్ధం ఆగి మూడు నెలలే, ఊరంతా బాంబులకి కూలిపోయి ఉన్న టైమ్. నాన్న సర్జన్. ఈయన కూడా మెడిసిన్‌లో చేరాడు, మానేశాడు, ఫిలాసఫీలో చేరాడు, అదీ మానేసి పెయింటర్ అవుదామని 1966లో పారిస్ పోయాడు. అక్కడ ఫిలిం స్కూల్లో సీటు రాలేదు. ఒక స్టూడియోలో ఎన్‌గ్రేవింగ్ (రేకుల మీద బొమ్మలు చెక్కే) పని చేసుకుంటూ, పాత సినిమాలు దాచి చూపించే సినిమాటెక్‌లో రోజుకి నాలుగైదు సినిమాలు చూసేవాడట. నన్నడిగితే ఆయన అసలు చదువు అదే. 1967లో మ్యూనిక్‌లో కొత్తగా ఫిలిం స్కూల్ తెరిస్తే వచ్చి చేరాడు. ఆ స్టూడెంట్ రోజుల్లో తీసిన రెండు షార్ట్ ఫిలింలు కూడా ఈ బాక్స్‌లో ఉన్నాయి. అవి ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ పెట్టాలనిపించదు. కానీ కిటికీలోంచి రోడ్డు వైపు అలా చూస్తూ ఉండిపోయే అలవాటు ఈయనకి అప్పటి నుంచే ఉందని అర్థమవుతుంది.

ఇక మొదటి డిస్క్, ఆలిస్. దీని ముందు ఆయన స్కార్లెట్ లెటర్ అని ఒక పీరియడ్ సినిమా తీశాడు, పాత అమెరికా కథ, తీసింది స్పెయిన్‌లో, అది ఆయనకే నచ్చలేదు. కానీ అందులో వోగ్లరూ, యెల్లా రాట్‌లాండర్ అనే చిన్న పాపా కలిసి ఉన్న ఒక బుల్లి సీన్ మాత్రం మనసులో ఉండిపోయింది, సినిమా అంతా ఇలా ఉంటే ఎంత బాగుండు అనుకున్నాడు, అలా పుట్టింది ఆలిస్. ఇంకా షూటింగ్ మొదలుపెట్టకముందే పేపర్ మూన్ అనే అమెరికన్ సినిమా చూశాడు. అందులోనూ ఒక మగమనిషి, ఒక పాప, రోడ్డు. నా సినిమా వేరేవాళ్లు తీసేశారు అని మొత్తం ఆపేద్దామనుకున్నాడు. అప్పుడు డైరెక్టర్ శామ్యూల్ ఫుల్లర్ కూర్చోబెట్టి మాట్లాడి, కథ మార్చి తియ్యి అని ధైర్యం చెప్పాడు. ఆ మాట చెప్పే మనిషి ఆ రోజు లేకపోతే ఈ బాక్స్ ఉండేదే కాదేమో.

కథ సింపుల్. ఫిలిప్ అనే జర్నలిస్టు అమెరికా మీద ఆర్టికల్ రాయడానికి పోయి ఒక్క ముక్క రాయలేక పోలరాయిడ్ ఫోటోలు తీసుకుంటూ తిరుగుతాడు, తీసిన ఏ ఫోటోలోనూ కళ్లతో చూసింది కనపడట్లేదని వాడి బాధ. న్యూయార్క్‌లో ఒకామె తన కూతురు ఆలిస్‌ని వీడికి అప్పజెప్పి వెనకాల వస్తానంటుంది, రాదు. పాపేమో అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్లమంటుంది, ఏ ఊరో గుర్తులేదు. ఆమ్‌స్టర్‌డామ్ ఎయిర్‌పోర్టులో పాప టాయిలెట్‌లో తలుపేసుకుని ఏడుస్తుంటే, వీడు బయట నిలబడి జర్మనీ ఊళ్ల పేర్లు అక్షర క్రమంలో ఒక్కొక్కటీ చదువుతుంటాడు, ఇదా, ఇదా అని, చివరికి వుపర్టాల్ అనగానే తలుపు తీసుకుని వస్తుంది. ఆ సీన్ నేను నాలుగుసార్లు చూశాను. వుపర్టాల్‌లో పైనుంచి వేలాడుతూ పోయే రైలు, తర్వాత రూర్ ప్రాంతంలో కార్మికుల ఇళ్లు, ఇవన్నీ వెండర్స్ పెరిగిన చోటికి దగ్గరే, ఆయన హైస్కూల్ చదివింది రూర్‌లోని ఓబర్‌హౌజెన్‌లో. అమెరికా అంతా తిరిగి ఏమీ దొరకని మనిషికి సొంత ఇలాకాలో పక్కన ఒక పాప ఉంటే లోకం మళ్లీ కనపడుతుంది, నాకర్థమైంది ఇదే. 16ఎంఎం అనే సన్న ఫిలిం మీద తీసిన బ్లాక్ అండ్ వైట్, గ్రెయిన్ (బొమ్మ మీద ఇసక రేణువుల్లాంటి చుక్కలు) కనపడుతుంది, కనపడాలి కూడా, రిస్టోరేషన్‌లో దాన్ని అలాగే ఉంచారు. మ్యూజిక్ కాన్ అనే జర్మన్ రాక్ బ్యాండ్‌ది, ఒకటే చిన్న ట్యూన్ తిరిగి తిరిగి వస్తుంటుంది కానీ విసుగు రాదు.

రెండోది రాంగ్ మూవ్ నాకు ఎక్కలేదు. మూడింటిలో కలర్ సినిమా ఇదొక్కటే. రాసింది పీటర్ హాండ్కే, తర్వాత 2019లో నోబెల్ వచ్చింది ఆయనకి, గోథే నవల మీద ఆధారపడి రాశాడు. రైటర్ అవ్వాలనుకునే కుర్రాడు ఉత్తరాన గ్లుక్‌స్టాట్ నుంచి బయల్దేరి దక్షిణాన జుగ్‌స్పిట్జె కొండ దాకా పోతాడు, దారిలో నలుగురు తోడవుతారు, అందరూ మాట్లాడతారు, మాట్లాడుతూనే ఉంటారు. డైలాగ్స్ అంత బరువుగా ఉంటే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదవడానికే టైమ్ సరిపోదు, నేను పాజ్ చేసుకుంటూ చూశాను. జర్మన్ ఫిలిం అవార్డులు బాగానే వచ్చాయి దీనికి. 13 ఏళ్ల నస్టాస్యా కిన్స్‌కీకి ఇదే మొదటి సినిమా. మరీ తీసిపారేసే సినిమా కాదు, కొండదారిలో అందరూ నడుచుకుంటూ మాట్లాడుకునే లాంగ్ షాట్ గొప్పగా ఉంటుంది, కాకపోతే ఇందులో వెండర్స్ కన్నా హాండ్కేనే ఎక్కువ వినిపించాడు నాకు.

మూడో డిస్క్ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. కింగ్స్ ఆఫ్ ద రోడ్, దాదాపు 3 గంటలు. స్క్రిప్ట్ లేదు! తూర్పు పశ్చిమ జర్మనీల బోర్డర్ పొడవునా, లూనెబర్గ్ నుంచి హోఫ్ దాకా, చిన్న చిన్న ఊళ్లలో ఇంకా బతికున్న సినిమా హాళ్లు ఎక్కడెక్కడున్నాయో చూసుకుని రూట్ వేసుకున్నారు, రేపు తీసే సీన్ ఈ రాత్రి రాసుకోవడం. అందుకే ఇందులో హాళ్లు సెట్లు కావు, నిజం హాళ్లు. కుర్చీలు, ప్రొజెక్టర్ గదులు, అన్నీ 1975లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కథగా చెప్పాలంటే బ్రూనో అనే మెకానిక్ ఎల్బే నది ఒడ్డున ట్రక్కు ఆపుకుని గడ్డం గీసుకుంటుంటే ఒకడు కారు స్పీడుగా తోలుకొచ్చి నేరుగా నదిలోకి పోనిస్తాడు, కారు మునుగుతుంటే సూట్‌కేస్ పట్టుకుని పైకెక్కి ఈదుకుంటూ వస్తాడు, భార్యతో తెగిపోయిన రాబర్ట్ వాడు, ఇక ఇద్దరూ కలిసి తిరుగుతారు. అంతే.

ఒక ఊళ్లో పిల్లలతో హాలు నిండి ఉంటుంది, స్పీకర్ పనిచేయదు, వీళ్లిద్దరూ తెర వెనక రిపేర్ చేస్తుంటారు, లైటు వేయగానే వీళ్ల నీడలు తెర మీద పడతాయి, పిల్లలు నవ్వడం మొదలెడతారు, అది చూసి వీళ్లు కావాలనే నీడలతో ఆట కడతారు. ప్రొజెక్టర్ తిరక్కుండానే అక్కడ సినిమా ఆడేసింది. ఆఖర్లో ఒక హాలు ఓనరమ్మ వస్తుంది, పనికిమాలిన సినిమాలు వేయడం కన్నా మూసి ఉంచడమే మేలు అంటుంది, కానీ మెషీన్లు మాత్రం రెడీగా ఉంచుకుంటుంది, మంచి రోజులొస్తే తెరవొచ్చని. నాకు గొంతు పట్టేసింది అక్కడ. 1976 కేన్స్‌లో దీనికి క్రిటిక్స్ ఇచ్చే ఫిప్రెస్కీ ప్రైజ్ వచ్చింది. తర్వాత ద స్టేట్ ఆఫ్ థింగ్స్‌కి 1982లో వెనిస్ గోల్డెన్ లయన్, పారిస్ టెక్సాస్‌కి 1984లో కేన్స్ టాప్ ప్రైజ్ పామ్ డోర్, వింగ్స్ ఆఫ్ డిజైర్‌కి 1987 కేన్స్‌లో బెస్ట్ డైరెక్టర్, అందరికీ తెలిసినవి అవే, నాకు మాత్రం ఆయన ఈ ట్రక్కులోనే ఎక్కువ దొరికాడు.

ఎక్స్‌ట్రాల్లో వదలకూడనిది రిస్టోరింగ్ టైమ్ అనే చిన్న డాక్యుమెంటరీ. ఒక దశలో వెండర్స్ చేతిలో తన సినిమాల హక్కులే లేకుండా పోయాయి. 2012లో భార్య డొనాటాతో కలిసి డ్యుసెల్‌డార్ఫ్‌లో ఫౌండేషన్ పెట్టి, వాటిని మళ్లీ ఒక చోటికి చేర్చి, నెగెటివ్‌లు బాగుచేయించే పని మొదలుపెట్టారు. తలుపులు మూసుకున్నా మెషీన్‌ని రెడీగా ఉంచుకున్న ఆ ఓనరమ్మ పనే 36 ఏళ్ల తర్వాత ఈయన చేశాడు. మూడు సినిమాలకీ వెండర్స్ కామెంటరీ (సినిమా నడుస్తుంటే దాని గురించి ఆయన మాట్లాడే ఆడియో) ఉంది, కింగ్స్‌ది తప్పకుండా వినండి.

కొనేవాళ్లు ఒకటి చూసుకోండి, ఇది అమెరికా ఎడిషన్, రీజియన్ ఏ లాక్ ఉంటుంది, మీ ప్లేయర్ వేరే రీజియన్‌దైతే ఆడదు. సేల్ అప్పుడు సగం రేటుకి దొరుకుతుంది, ఆగగలిగితే ఆగండి. వచ్చాక ఆలిస్‌తో మొదలుపెట్టి నేరుగా మూడో డిస్క్‌కి పోండి, రాంగ్ మూవ్ తర్వాత చూడొచ్చు. కింగ్స్ మాత్రం ముక్కలు ముక్కలుగా చూడొద్దు, మూడు గంటలు ఖాళీ పెట్టుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టేసి, రాత్రి పూట చూడండి.