తెల్లచీర దయ్యమా, తెల్లగౌను దయ్యమా?

కడపలో షార్ట్ ఫిల్మ్ తీసే పిల్లలు తగువు పడేది ఇక్కడే: మన మోహినా, సీమదొరల కోటల్లో తిరిగే వైట్ లేడీనా?

ఖర్చు: చీర ఇంట్లోనే ఉంటుంది. గౌను అద్దెకు తేవాలి. సర్కారు కంపకు తగులుకుని చిరిగితే దానికీ డబ్బు కట్టాలి.

కథ: వైట్ లేడీది ఎక్కువగా రాచకోట దుఃఖం. జర్మనీ హోహెన్‌జోలర్న్ వంశంలో ఆమె కనిపిస్తే చావు తప్పదని నమ్మేవారు. ఫిలిప్పీన్స్‌లో మాత్రం బలేటే డ్రైవ్ అనే రోడ్డు మీద కార్లకు ఎదురవుతుందట. మోహినిది చింతచెట్టు, మల్లెపూలు, గజ్జెల చప్పుడు, వెనక్కి తిరిగిన పాదాలు. ఆ పాదాలు చూపించడమే తలనొప్పి, గజ్జెలతో సరిపెట్టండి. తలుపు మీద సుద్దముక్కతో రాసిన ‘ఓ స్త్రీ రేపు రా’ ఒక్క షాట్ చాలు, మా అమ్మల తరానికి ఇంకేం చెప్పక్కర్లేదు.

రిస్క్: రెంటికీ ఒకటే. రాత్రిపూట రోడ్డు మీద తీయొద్దు, బైకు మీద వచ్చేవాడు బెదిరి పడతాడు.

పాత దొరల బంగళా దొరికి, కథలో దొరసాని ఉంటే గౌనే. ఊరి పొలిమేర, చింతతోపు అయితే చీరే. గండికోటలో తీస్తామంటే ముందు పురావస్తు శాఖ అనుమతి తెచ్చుకోండి. అక్కడ గౌను మాత్రం వద్దు, అది పెమ్మసాని నాయకుల కోట.