ఐదో స్టారు కుర్చీ వేశాక ఇస్తాను

విజయనగరం రింగ్ రోడ్డులో, టైర్ల షాపు పక్క సందులో ఉన్న కార్ ఏసీ మెకానిక్ గురించి ఈ నాలుగు స్టార్ల రివ్యూ. బోర్డు మీద రంగు వెలిసిపోయి ‘ఏసీ’ అన్న రెండక్షరాలే మిగిలాయి కాబట్టి షాపు పేరు నన్నడక్కండి.

నేను గజపతినగరం వైపు ఒక హైస్కూల్లో సైన్సు చెప్తాను. రోజూ కారులోనే వెళ్లి వస్తాను. కారుకి పదకొండేళ్లు. డిసెంబరులో ఒకరోజు పొద్దున్న గొట్లాం దగ్గరికి వచ్చేసరికి బయట పొగమంచు, లోపల అద్దమంతా ఆవిరి పట్టి తెల్లబడిపోయింది. బ్లోయర్ (గాలి తోసే ఫ్యాను) నాలుగో స్పీడులో పెట్టినా చుక్క గాలి లేదు. అంతకుముందు రెండు నెలలుగా గతుకులొస్తే గాలి వచ్చేది, నున్నటి రోడ్డెక్కితే ఆగిపోయేది. నేనే పట్టించుకోలేదు. ఆ టెన్షన్‌లో చేతికి తగిలింది బ్యాగులో ఉన్న డస్టరు. దాంతో తుడిస్తే సుద్ద తడిసి, అద్దానికి వెల్ల వేసినట్టయింది. ఇక కిటికీలు దించుకుని, వణుక్కుంటూ, ఇరవై స్పీడులో స్కూలుకి చేరాను.

ముందు చూపించిన చోట (పేరు వద్దులెండి) బానెట్ ఎత్తి, గ్యాసు అయిపోయింది, కూలింగ్ కాయిల్ కూడా మార్చాలి, పద్నాలుగు వేలవుతుంది అన్నారు. గ్యాసు లేకపోతే చల్లదనం పోవాలి గాని గాలి ఎందుకు పోతుంది? హీటరు వేసినా గాలి లేదు. ఏసీకైనా హీటరుకైనా గాలి తోసేది ఒకటే మోటారు కదా. ఆ మాటే అడిగితే, “మేడమ్, సార్‌ని పంపించండి, మాట్లాడతాం” అన్నారు. మా సార్‌కి స్కూటీకి స్టాండు వేయడమే రాదు.

ఈ సందులో షాపాయనకి యాభై దాటి ఉంటాయి. బానెట్ జోలికే వెళ్లలేదు. ఫ్యూజు లాగి వెలుతురుకి పట్టి చూశారు, బాగానే ఉంది. తర్వాత ఎడమవైపు డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి పడుకుని, మోటారు సాకెట్టు ఊడదీయకుండానే వెనకనుంచి మల్టీమీటరు సూదులు గుచ్చి, మీటరు నాకు కనపడేలా సీటు మీద పెట్టారు. “స్విచ్చి నాలుగులో పెట్టమ్మా.” పన్నెండు వోల్టులు దాటి చూపించింది. “కరెంటు గుమ్మం దాకా వచ్చింది. లోపలున్నోడే తలుపు తియ్యట్లేదు” అని స్క్రూడ్రైవరు పిడితో మోటారు మీద రెండు తట్టారు. అది గుర్రుమని తిరిగి, నా మొహాన ఓ ఎండు వేపాకు కొట్టి, మళ్లీ ఆగిపోయింది.

“బ్రష్షులు అరిగిపోనాయమ్మా. తడితే అంటుకుంటాయి, మళ్లీ వదిలేస్తాయి.”

బ్రష్షులంటే తిరిగే మోటారుకి కరెంటు అందించే కార్బన్ ముక్కలు. గతుకుల్లో గాలి ఎందుకొచ్చేదో అప్పుడు వెలిగింది. ఒకటి, రెండు, మూడులో రాక నాలుగులో మాత్రమే గాలి వస్తే అది సాధారణంగా మోటారు కాదు, తక్కువ స్పీడులకి కరెంటు తగ్గించే రెసిస్టరు పోయినట్టు అని కూడా చెప్పారు.

గ్లవ్‌బాక్స్ ఊడదీసి మూడు స్క్రూలు తిప్పితే మోటారు ఫ్యానుతో సహా కిందికి జారింది. రెక్కల సందుల్లో వేపాకులు, ఎలుక కొరికిన టిష్యూ కాగితం, నా వెంట్రుకలు. స్కూల్లో కారు పెట్టేది వేపచెట్టు కిందే. మా మోడల్లో కంపెనీ క్యాబిన్ ఫిల్టరు (లోపలికొచ్చే గాలిని వడకట్టేది) ఇవ్వలేదని, దానికి చోటు మాత్రం వదిలిందని పదకొండేళ్ల తర్వాత తెలిసింది. బ్రష్షులొక్కటే మార్చకూడదా అంటే, ఇరుసు పట్టుకుని ఊపి చూపించారు. వదులుగా కదులుతోంది. బ్రష్షులు రాసుకునే రాగి భాగం (కమ్యూటేటర్) మీద గోరు దిగేంత గాడి. సాకెట్టులో ఒక పిన్ను దగ్గర ప్లాస్టిక్ మాడి గోధుమరంగుకి తిరిగింది. కొత్త మోటారుకి మాడిన సాకెట్టు తగిలిస్తే మళ్లీ కాలుతుందని అదీ మార్చారు. మోటారు 2,600, ఫిల్టరు 300, సాకెట్టు 150, కూలి 500. మొత్తం 3,550 రూపాయలు.

ఇక నా గొడవ. “గంటలో అయిపోద్దమ్మా” అన్నారు. మోటారు విశాఖపట్నం నుంచి బస్సు పార్సిల్లో రావాలన్న సంగతి అంతా విప్పేశాక బయటపడింది. సాయంత్రం ఐదైంది. కూర్చోడానికి కుర్చీ లేదు. పాత టైరు మీద కూర్చుని తొమ్మిదో తరగతి పేపర్లు నలభై దిద్దాను. బిల్లు అడిగితే క్యాలెండరు కాగితం చింపి వెనకాల రాసిచ్చారు. ఆరు నెలల గ్యారంటీ నోటిమాటే. నేను పట్టుబట్టి దాని మీదే రాయించుకున్నాను, మీరూ రాయించుకోండి. వెళ్లేముందు స్పేరు ఊళ్లో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

పాత మోటారు తుక్కుకి వేస్తానంటే అడిగి తెచ్చుకున్నాను. పదో తరగతిలో విద్యుత్ మోటారు పాఠానికి పట్టుకెళ్లాను. పుస్తకంలో కమ్యూటేటర్ అంటే రెండు అర్ధవలయాలే. ఇందులో పిల్లలు లెక్కపెడితే పన్నెండు రాగి పలకలు తేలాయి. అందరి వేళ్లకీ కార్బన్ మసి. ఆ రోజు హాజరు రిజిస్టరు మీద పడిన నల్లటి వేలిముద్రలకి హెడ్‌మాస్టరు గారికి నేను ఇంకా సంజాయిషీ చెప్తూనే ఉన్నాను.