ఓటో చేపలు: మూడేళ్ల పెంపకం తరువాత

చెన్నైలో మా ఇంటి హాల్లో ఉన్న మూడడుగుల ట్యాంకులో, అంటే సుమారు 130 లీటర్ల నీటిలో, హార్లెక్విన్ రాస్బోరాలనే చిన్న చేపలు, చెర్రీ రొయ్యలతో కలిపి ఓటోసింక్లస్ చేపలను మూడేళ్లకు పైగా పెంచుతున్నాను. దుకాణాల్లో ఓటో అని పిలిచే ఈ దక్షిణ అమెరికా చేప రెండంగుళాలకు మించి పెరగదు. పాచి తింటుంది కదా అని దీన్ని కొనదలచినవారు, ఆ పాచి అయిపోయాక అది ఏం తిని బతుకుతుందో తేల్చుకున్న తరువాతే కొనాలి. ఈ సంగతి నాకు ఆరు చేపలు కొన్నాక గాని తెలియలేదు.

"వీటికి మేత వేయనక్కర్లేదు సార్, అద్దం మీదున్నది తిని బతికేస్తాయి" అని మా పేటలోని దుకాణదారు చెప్పిన మాట నమ్మి, అయిదు వారాల వయసున్న కొత్త ట్యాంకులో ఆ ఆరింటినీ వదిలాను. కొత్త ట్యాంకుల్లో పట్టే గోధుమరంగు పాచిని మూడు రోజుల్లో శుభ్రంగా నాకేశాయి, ఇంట్లో అందరమూ మురిసిపోయాము. పదో రోజుకు నాలుగు చనిపోయాయి. అద్దానికి అతుక్కున్న చేపను ఇవతలి నుంచి చూస్తే పొట్ట స్పష్టంగా కనిపిస్తుంది. నిండుగా గుండ్రంగా ఉండవలసిన ఆ పొట్ట లోపలికి గుంట పడి ఉందని నేను గమనించేసరికి ఆలస్యమైపోయింది. ఓటోల్లో చాలా భాగం నదుల్లో పట్టి తెచ్చినవే కావడంతో, ప్రయాణంలో పస్తులుండి దుకాణానికి వచ్చేసరికే నీరసించి ఉంటాయి.

రెండోసారి ఆరు నెలలు ఆగాను. అప్పటికి చెక్క దుంగ మీద, అనూబియాస్ అనే నీటి మొక్క ఆకుల మీద వేలితో తాకితే జారే పలుచని పొర పట్టింది, ఓటోలకు అసలైన ఆహారం అదే. కొళత్తూరు చేపల బజారుకు వెళ్లి, వచ్చి రెండు వారాలైన సరుకులోంచి పొట్టలు చూసి ఎనిమిది ఏరుకున్నాను. కొత్త నీటికి అలవాటు పడేందుకు, గాలి గొట్టానికి ముడి వేసి, గంటసేపు చుక్కచుక్కగా మా నీటిని సంచిలోకి వదిలాకే వాటిని ట్యాంకులోకి మార్చాను. ఎనిమిదింటిలో ఒక్కటే పోయింది.

రెండు నిమిషాలు ఉడికించిన కీరదోస చక్రాన్ని స్టీలు చెంచాకు గుచ్చి రాత్రి లైటు ఆర్పాక అడుగున పెడతాను. మొదటి నాలుగు రోజులు దాని వంక చూడలేదు. అయిదో నాడు తెల్లవారి లేచేసరికి చక్రం చుట్టూ ఆరు చేపలు తలలు చేర్చి, తోకలు బయటికి పెట్టి, పువ్వు రేకుల్లా అమరి ఉన్నాయి. మధ్య గుజ్జంతా పోయి పచ్చని తొక్క ఉంగరంలా మిగిలింది. మిగిలిన ముక్కను ఉదయమే తీసేయాలి, ఈ ఊరి వేడికి మధ్యాహ్నానికల్లా నీళ్లు తెల్లబడతాయి.

పనితనం విషయానికొస్తే, ఆకులకు గాటు పడకుండా మెత్తని పాచిని గీరి తినడంలో వీటికి సాటి లేదు. నల్లని గడ్డంలాంటి పాచిని మాత్రం ముట్టవు, అద్దం మీద గట్టిగా అంటుకున్న పచ్చ చుక్కలను నేనే పాత ఏటీఎం కార్డుతో గీకుతున్నాను. అంత మాత్రాన చవగ్గా దొరుకుతుందని, పాచి తినే మరో చేప అయిన సక్కర్ పిల్లను తేవద్దు. అది అడుగు దాటి పెరుగుతుంది. పెంచలేక చెరువుల్లో వదిలితే ఏమవుతుందో, దెయ్యం చేప అని తిట్టుకుంటూ చిరిగిన వలలు కుట్టుకునే మన జాలర్లను అడగండి.

చెన్నైలో అసలు ఇబ్బంది వేడి. 22 నుంచి 26 డిగ్రీల నీరు వీటికి హాయి. మా ట్యాంకు మే నెలలో 31 దాటుతుంది. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది కనుక, అప్పుడు ఓటోలు బాణంలా పైకి దూసుకెళ్లి గాలి మింగి వస్తుంటాయి. ఎప్పుడో ఒకసారి అలా చేయడం వాటికి సహజమే గాని, వరుసగా చేస్తుంటే జాగ్రత్త పడాలి. మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే మా ఇంట్లో రెండు డిగ్రీలు తగ్గుతోంది, ఆ మేరకు ఆవిరైన నీటిని ఆర్వో నీటితో నింపుతున్నాను. వేసవిలో ఊరికి వెళ్లవలసి వస్తే, పక్కింటివారికి మేత డబ్బా కన్నా ముందు ఆ ఫ్యాను స్విచ్చి చూపించి వెళ్తున్నాను.