గ్రంథాన్ని వరుసగా చదవడమా, అంశాన్ని పట్టుకుని చదవడమా: చిన్న బృందానికి ఏది మేలు?

నలుగురూ కూడి బైబిలు చదువుకుందామని అనుకున్న మొదటి వారంలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఏం చదువుదాం? ఒకరు “మార్కు సువార్త మొదటి నుంచి మొదలుపెడదాం” అంటారు. ఇంకొకరు “ప్రార్థన, క్షమాపణ, ఇలా మన బతుకులకు కావలసిన అంశాలు తీసుకుందాం” అంటారు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మూడో మనిషి “ఒక చిన్న భాగం చదివి, కాసేపు మౌనంగా ఉండి, మనసుకు తగిలిన మాట చెప్పుకుందాం” అంటారు. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. కానీ వారానికి దొరికేది ఒకటిన్నర గంట. పలకరింపులు, ప్రార్థన పోగా వాక్యానికి మిగిలేది గంట కంటే తక్కువే. ఆ గంటను దేనికి ఇవ్వాలన్నది తేల్చుకోక తప్పదు.

ఈ మూడు పద్ధతుల్లోనూ నేను కూర్చున్నాను. కొన్నేళ్లు అంశాల వారీగా బృందాన్ని నడిపించాను కూడా. ఇప్పుడు నన్ను అడిగితే, ఒక చిన్న గ్రంథాన్ని తీసుకుని మొదటి వచనం నుంచి చివరి వచనం దాకా వరుసగా చదవడమే బృందానికి మూలాహారం అంటాను. మిగతా రెండూ అవసరమే. అయితే వాటి చోటు వేరు.

ముందు అంశాల సంగతి. ఈ పద్ధతికి ఉన్న పెద్ద బలం, మనిషి అవసరం ఎక్కడుందో అక్కడే మొదలవడం. తమ్ముడితో మాటలు ఆగిపోయి రాత్రిళ్లు నిద్రపట్టని మనిషి బృందంలో ఉన్నాడనుకోండి. “మన వరుసలో క్షమాపణ భాగం వచ్చే ఏడాది వస్తుంది, అందాకా ఆగు” అనడం ప్రేమ కాదు. ఆదికాండం 50లో యోసేపు తన అన్నలతో మాట్లాడిన తీరు ఒక వారం, మత్తయి 18లో పదివేల తలాంతుల అప్పు మాఫీ అయిన దాసుడు నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకోవడం ఇంకో వారం, ఫిలేమోనుకు పౌలు రాసిన 25 వచనాల పత్రిక మరో వారం చదివితే, ఆ మనిషికే కాదు, అందరికీ మేలు జరుగుతుంది. బాప్తిస్మం, ప్రభు బల్ల వంటి విషయాలు తెలుసుకోవాలన్నా లేఖనం మొత్తాన్ని అటు నుంచి ఇటు చూడవలసిందే. కొత్తగా వచ్చినవాళ్లకు కూడా ఇది సులువు. ఏ వారం పాఠం ఆ వారంతో పూర్తవుతుంది కాబట్టి, మధ్యలో చేరినా వెనకబడ్డామన్న బెంగ ఉండదు.

లోపం ఎక్కడుందో నాకు నా అనుభవంలోనే తెలిసింది. ఒకసారి “విశ్వాసం” అనే అంశానికి 14 రిఫరెన్సులు రాసుకుని వెళ్లాను. ఒకరు హబక్కూకు వెతికేలోగా మరొకరు హెబ్రీయులకు తీసి చదివేస్తున్నారు. గదిలో పేజీలు తిప్పుతున్న చప్పుడే ఎక్కువ. ఏ వచనం దగ్గరా ఎవరూ రెండు నిమిషాలు నిలబడలేదు. చివరికి అందరూ నాతో ఏకీభవించారు. ఇంటికి వచ్చి ఆ కాగితం మళ్లీ చూసుకున్నప్పుడు గాని అసలు సంగతి అర్థం కాలేదు. క్రియలు కాదు, విశ్వాసమే నీతిగా ఎంచబడిందనే రోమీయులకు 4వ అధ్యాయం అందులో ఉంది, క్రియలు లేని విశ్వాసం మృతమనే యాకోబు 2వ అధ్యాయం లేదు. కావాలని వదిలేయలేదు. నేను చెప్పదలచుకున్నదానికి సరిపోయే వచనాలే నా చేతికి వచ్చాయి. బృందం ఆ రోజు బైబిలు చదివింది నిజమే, కానీ నేను ఎంత చూపిస్తే అంతే చదివింది. ఏ బోధకుడికీ బృందం మీద అంత అధికారం ఉండకూడదని నా నమ్మకం. బెరయలో పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో సరిచూసుకున్నవాళ్లను అపొస్తలుల కార్యములు 17:11 మెచ్చుకుంటోంది. సరిచూసుకోవాలంటే ముందూ వెనకా ఉన్న పేజీ కూడా వాళ్ల ముందు తెరిచి ఉండాలి.

రెండో లోపం, వచనం తన ఇంటి నుంచి విడిపోవడం. “నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను” అనే ఫిలిప్పీయులకు 4:13ను విజయం గురించిన పాఠంలో పెడితే ఒక అర్థం వస్తుంది. దానికి పైన ఉన్న రెండు వచనాలు చదివితే, బంధకాల్లో ఉన్న పౌలు ఆకలినీ లేమినీ ఎలా భరించడం నేర్చుకున్నాడో చెబుతున్నాడని తెలుస్తుంది. యిర్మీయా 29:11 కూడా అంతే. వాగ్దాన వచనంగా మనకు ఎంతో ప్రియమైనది. కానీ అది బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు పంపిన ఉత్తరంలోని మాట. దానికి ముందరి వచనం 70 ఏళ్లు ఆగమంటోంది. అంతకు ముందు, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. ఇది తెలిశాక ఆ వాగ్దానం చిన్నదైపోదు. ఎదురుచూపు ఎరిగినవాళ్లకు ఇంకా దగ్గరవుతుంది.

అసలు వచనాలను విడివిడి ముత్యాల్లా ఏరుకునే అలవాటుకు మన చేతిలోని ముద్రిత ప్రతి కూడా ఒక కారణం. పౌలు తన పత్రికలకు అధ్యాయాలు, అంకెలు వేయలేదు. ఇప్పటి అధ్యాయాల విభజన 13వ శతాబ్ది తొలినాళ్లది, ఇంగ్లండు ఆర్చిబిషప్పు స్టీఫెన్ లాంగ్టన్ పేరుతో ముడిపడినది. కొత్త నిబంధనకు మనం వాడుతున్న వచన సంఖ్యలు 1551లో ఫ్రెంచి ముద్రాపకుడు రాబర్ట్ ఎస్టియెన్ అచ్చువేసిన ప్రతిలో వచ్చాయి. వెతుక్కోవడానికి అవి గొప్ప సాయం. ఆలోచన ఆ అంకె దగ్గర ఆగిపోతుందనుకుంటేనే చిక్కు.

ఇక వరుసగా చదవడం. దీని విలువ నాకు మార్కు సువార్త 10వ అధ్యాయం దగ్గర తెలిసింది. మా బృందంలో ఒక పెద్దావిడ ఉన్నారు. మందపాటి కళ్లద్దాలు, ప్రతి వరుస కింద వేలు పెట్టి చదువుతారు, చర్చలో నోరు విప్పడం అరుదు. ఆ సాయంత్రం గుడ్డివాడైన బర్తిమయి భాగం. యేసు అతణ్ణి “నేను నీకేమి చేయగోరుచున్నావు” అని అడిగే చోటుకు వచ్చాక ఆవిడ వేలు ఆగింది. పేజీ వెనక్కి తిప్పి, “ఈ ప్రశ్న పోయిన వారం కూడా చదివాం కదా, బాబూ” అన్నారు. అందరం వెనక్కి తిప్పాం. 36వ వచనంలో యాకోబు, యోహానులను యేసు అడిగింది అదే ప్రశ్న. కళ్లున్న ఇద్దరు శిష్యులు ఆయన మహిమలో కుడివైపు, ఎడమవైపు చోటు అడిగారు. కళ్లు లేని మనిషి చూపు అడిగాడు. చూపు రాగానే ఆయన వెంట దారి పట్టాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకొకరికి 8వ అధ్యాయం గుర్తుకొచ్చింది. బేత్సయిదాలో ఒక గుడ్డివాడికి మొదటిసారి చేతులుంచినప్పుడు మనుషులు నడిచే చెట్లలా కనబడతారు, రెండోసారికి గాని చూపు స్పష్టం కాదు. ఆ వెంటనే పేతురు “నీవు క్రీస్తువు” అంటాడు, ఆయన సిలువ మాట ఎత్తగానే అడ్డుపడతాడు. ఆ రెండు గుడ్డివాళ్ల కథల నడుమ యేసు తన మరణం గురించి మూడుసార్లు చెబుతాడు. మూడుసార్లూ శిష్యులకు అది సరిగా కనబడదు. అంటే మార్కు ఆ కథలను అటు ఒకటి, ఇటు ఒకటి ఊరికే పెట్టలేదు. “యేసు చేసిన స్వస్థతలు” అనే అంశం తీసుకుని ఉంటే బర్తిమయి వచ్చేవాడు. అతని పక్కనున్న యాకోబు, యోహానులు వచ్చేవారు కాదు. ఆ పెద్దావిడకు వెనక్కి తిప్పడానికి పేజీ ఉండేది కాదు.

వరుసగా చదవడంలో ఇంకో మేలు ఉంది. అందరికీ తట్టేది కాదు గాని, బృందం నడిపినవాళ్లకు బాగా తెలుస్తుంది. “ఈ వారం కోపం గురించి చదువుదాం” అని నేను ప్రకటిస్తే, అది ఎవరి కోసమో గదిలో అందరికీ తెలిసిపోతుంది. ఆ మనిషి తల దించుకుంటాడు, లేదా మరుసటి వారం రావడం మానేస్తాడు. అదే యాకోబు పత్రిక చదువుతూ మొదటి అధ్యాయం 19వ వచనానికి చేరితే, ఆ మాట తన వంతులో తాను వచ్చింది. ఎవరూ ఎవరి వైపూ వేలు చూపలేదు. వాక్యం ఎవరిని తాకాలో వారిని తాకుతుంది, నడిపించేవాడితో సహా. పైగా మనకు నచ్చని భాగాలను దాటేసే వీలుండదు. యేసు శపించగా ఎండిపోయిన అంజూరపు చెట్టును ఏ బృందమూ అంశంగా ఎంచుకోదు. మార్కు 11 మాత్రం దాని ముందు మనల్ని నిలబెడుతుంది.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1670లో చిన్న కూడికలు మొదలుపెట్టిన లూథరన్ పాస్టరు ఫిలిప్ యాకోబ్ స్పేనర్, 1675లో ప్రచురించిన ‘పియా డెసిడెరియా’ అనే పుస్తకంలో ఈ బాధే చెప్పుకున్నాడు. ఆరాధనకు నియమించిన పాఠాలు లేఖనంలో కొద్ది భాగాన్నే తాకుతున్నాయని, గ్రంథాలను ఒకదాని తర్వాత ఒకటి చదివి వినిపించాలని కోరాడు. విశ్వాసులు కలిసి కూర్చుని, ఒక్కరే మాట్లాడకుండా వాక్యాన్ని విచారించుకోవాలన్నది ఆయన మరో కోరిక.

ఈ పద్ధతికీ కష్టాలున్నాయి. రెండు వారాలు రాని మనిషికి దారి తప్పినట్లు ఉంటుంది. కిందటి వారం ఎక్కడ ఆపామో మొదటి రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు చెబితే ఇది చాలావరకు తీరుతుంది. పెద్ద గ్రంథంతో మొదలుపెట్టడం అంతకంటే పెద్ద పొరపాటు. 66 అధ్యాయాల యెషయాతోనో, ప్రకటన గ్రంథంతోనో మొదలుపెట్టి మధ్యలోనే నీరసించినవాళ్లను చూశాను. యోనా 48 వచనాలే. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 104, యాకోబు 108. వీటితో మొదలుపెట్టి చివరిదాకా వెళ్లిన బృందానికి మార్కులోని 16 అధ్యాయాలు బరువనిపించవు. ఇక అసలు ప్రమాదం, నడిపించేవాడు దీన్ని ప్రసంగంగా మార్చేయడం. బృందంలో కావలసింది ప్రశ్నలు. ఇక్కడ ఏమి జరిగింది? ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది? ఇవి తెలిశాకే, ఇది మనల్ని ఏమి చేయమంటోంది అన్నది. ప్రశ్న వేశాక జవాబు వచ్చేదాకా ఆగడం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మూడోది, మౌనంగా విని పంచుకునే పద్ధతి. దీని వేళ్లు మఠాల జీవితంలో ఉన్నాయి. 12వ శతాబ్దిలో రెండో గీగో అనే సన్యాసి చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో నిలిచి ఉండడం అని నాలుగు మెట్లుగా దీన్ని వివరించాడు. దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థ కతోలిక చిన్న సమాజాల కోసం రూపొందించిన ఏడు అంచెల సువార్త పఠనం కూడా ఇదే దారిది. భాగం చదివాక ఒక్కొక్కరు తమను ఆకర్షించిన ఒక మాటనో చిన్న వాక్యాన్నో పైకి పలుకుతారు, నడుమ మౌనం పాటిస్తారు. వాదనలుండవు. చదువు రానివాళ్లు, సిగ్గరులు మిగతావాళ్లతో సమానంగా పాల్గొనేది ఇందులోనే. దీన్ని తక్కువ చేయలేను. కానీ వారం వారం ఇదొక్కటే అయితే “నాకు ఇలా అనిపించింది” దగ్గరే ఆగిపోతాం. ఎనిమిది మందికి ఎనిమిది రకాలుగా అనిపిస్తుంది, వాక్యం నిజంగా ఏమి చెప్పిందో అడిగే చోటు ఉండదు. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు రథం పక్కన పరుగెత్తి, అందులో యెషయా గ్రంథం చదువుకుంటున్న ఐతియొపీయుణ్ణి అడిగింది నీకేమనిపించింది అని కాదు, చదువుతున్నది గ్రహిస్తున్నావా అని.

అందుకే మేము దాన్ని వరుస పఠనానికి వాకిలిగా వాడుతున్నాం. ఆ రోజు భాగాన్ని రెండుసార్లు బిగ్గరగా చదువుతాం, వీలైతే రెండోసారి వాడుక భాషలోని వేరే అనువాదంలో. రెండు నిమిషాలు మౌనం. తర్వాత తలా ఒక మాట పలుకుతాం. చర్చ ఆ తర్వాతే. బర్తిమయి భాగం చదివిన రోజు ఆ పెద్దావిడ గొంతు విప్పడానికి ఆ మౌనం కూడా కారణమని నాకు అనిపిస్తుంది.

అంశాలకు గ్రంథానికీ గ్రంథానికీ నడుమ చోటిచ్చాం, మూడు వారాలకు మించకుండా. వారానికి ఒకే భాగం, అదీ పూర్తిగా. 14 రిఫరెన్సుల కాగితం మళ్లీ రాయలేదు.

మార్కు పోయిన వారం పూర్తయింది. మాలో ఒకరు ఈ మధ్యే భర్తను పోగొట్టుకున్నారు. వచ్చే మూడు వారాలు దుఃఖం గురించి చదువుదామని ఆమే అడిగారు. 88వ కీర్తన, విలాపవాక్యములు 3, యోహాను 11 అనుకున్నాం. ఆ తర్వాత రూతు గ్రంథం మొదలుపెడతాం. 4 అధ్యాయాలు, 85 వచనాలు. దాని మొదటి అధ్యాయంలోనే ముగ్గురు విధవరాండ్రు దారిలో నిలబడి ఏడుస్తారు.