చలికాలపు శిక్షణా, షోకేసు ప్రయాణమా?

అమెరికాలో హైస్కూలు బేస్‌బాల్ ఆడే పిల్లల ఇళ్లలో శరదృతువు రాగానే ఇదే చర్చ: ఉన్న డబ్బు ఇండోర్ శిక్షణకు పెట్టాలా, కాలేజీ కోచ్‌లు చూసే షోకేసులకా?

షోకేసులో పిల్లవాడికి దక్కేది కొద్ది సమయమే. 60 గజాల పరుగు, బంతి వేగం కొలిచే రాడార్ గన్ ముందు విసురు, కాసిని బంతుల బ్యాటింగ్. అంకెలు బాగుంటే పేరు రాసుకుంటారు. బాగులేకపోతే అవే అతని వెంట నడుస్తాయి. పైగా పదకొండో తరగతికి ముందరి ఆగస్టు 1 వరకు డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కోచ్‌లు అతనితో ఎంపిక గురించి మాట్లాడకూడదు. తొమ్మిదో తరగతివాడిని అందుకోసం విమానమెక్కించడం నాకైతే తొందరపాటే.

శిక్షణలో చూసేవారుండరు, కానీ కాళ్లకు బలం, బ్యాటుకు వేగం వస్తాయి. బ్యాటర్‌కు బంతి విసిరే పిచ్చర్ల లెక్క వేరు. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన ‘పిచ్ స్మార్ట్’ సూచనల ప్రకారం హైస్కూలు వయసు పిచ్చర్ ఏడాదిలో కనీసం 4 నెలలు పోటీల్లో పిచింగ్ చేయకూడదు. అందులో వరుసగా 2-3 నెలలు చేయి పైకెత్తి బంతి విసరడమే మానాలి. శరత్కాలపు షోకేసులు తినేసేది ఆ విరామాన్నే. మోచేతి లిగమెంటు తెగి టామీ జాన్ శస్త్రచికిత్స దాకా వెళితే పిచ్చర్ కోలుకోవడానికి దాదాపు ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

పదకొండో తరగతికి వచ్చి, అంకెలు కుదిరినవాడు బయలుదేరవచ్చు. అప్పుడూ పెద్ద షోకేసుకన్నా, కోరుకున్న కాలేజీ పెట్టే క్యాంపే మేలంటాను. కాలేజీ క్రీడల్లో మూడో స్థాయి అయిన డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, మార్కులూ కావాలి. ఆ మాట మన తెలుగు ఇళ్లలో ఎవరూ గుర్తు చేయనక్కర్లేదనుకోండి!