రెజిన్ బాడీ కిట్లు కొనేవాళ్లు జాగ్రత్త: ఫొటోలో ఒకటి, డబ్బాలో ఇంకొకటి

1/32 సైజు స్లాట్ కార్లకి రెజిన్ బాడీ కిట్లు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఆర్డర్ కొట్టే ముందు ఇది ఒకసారి చదవండి. (స్లాట్ కార్లంటే ట్రాక్‌లోని గాడి వెంట కరెంటుతో పరుగెత్తే బొమ్మ కార్లు, 1/32 అంటే అసలు కారులో 32వ వంతు, రెజిన్ అంటే అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటిది.) 52 పౌండ్లూ, మూడు వారాంతాలూ పోగొట్టుకుని రాస్తున్నా. అమ్మినవాడి పేరు పెట్టట్లేదు. పేరు మార్చుకోవడం వాడికి రెండు నిమిషాల పని, పద్ధతి తెలిస్తే ఏ పేరుతో వచ్చినా మీరే గుర్తుపడతారు.

నేనుండేది ఇంగ్లండ్‌లో, కోవెంట్రీ దగ్గర. ఇక్కడికొచ్చాకే ఈ పిచ్చి పట్టుకుంది. 1957లో స్కేలెక్‌స్ట్రిక్ అనే స్లాట్ కార్ల బ్రాండ్ పుట్టిన దేశం కదా, పాత సామాన్ల సంతకి వెళ్తే ఏదో ఒక బల్ల మీద గాడి ఉన్న ట్రాక్ ముక్కలూ, చక్రం ఊడిన కార్లూ కనిపిస్తూనే ఉంటాయి. రేసులు కూడా ఆడతాను గానీ నాకు అసలు మోజు కారుని ముస్తాబు చెయ్యడం మీద. కొత్త కారు ప్లాస్టిక్ బొమ్మలా మెరుస్తుంటుంది, దాన్ని విప్పి, డ్రైవర్ మొహానికి రంగేసి, డోర్ల గీతల్లో నల్లటి వాష్ (బాగా పల్చన చేసిన రంగు) పారించి, టైర్ల మెరుపు చంపి, రాత్రంతా పరిగెత్తి వచ్చిన బండిలా చేస్తే అందులో ఉన్న మజాయే వేరు.

ఎప్పట్నుంచో కన్నేసింది 1969లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన ఫోర్డ్ జీటీ40 మీద. గల్ఫ్ ఆయిల్ కంపెనీ వాళ్ల లేత నీలం, మధ్యలో నారింజ పట్టీ, 6వ నంబర్. జాకీ ఇక్స్, జాకీ ఆలివర్ నడిపిన బండి. అదే చాసిస్ (బండి కింది చట్రం), 1075 నంబర్‌ది, అంతకుముందు ఏడాది 9వ నంబర్ తగిలించుకుని కూడా గెలిచింది. 1969లో రేసు మొదలవగానే అందరూ రోడ్డు దాటి కార్ల దగ్గరికి పరుగెత్తుతుంటే ఇక్స్ మాత్రం తాపీగా నడుచుకుంటూ వెళ్లి, బెల్టు పెట్టుకుని, అందరికన్నా వెనక బయల్దేరి, చివరికి పోర్షే 908ని నూరు మీటర్ల పైచిలుకు తేడాతో కొట్టాడు. అలాంటి బండిని పెట్టెలోంచి తీసి ట్రాక్ మీద పెట్టెయ్యడం ఏంటి, నా చేత్తో చేసుకోవాలని పట్టుదల.

అప్పుడు కనిపించింది ఈ కిట్. రెజిన్ బాడీ, అద్దాలు, డ్రైవర్ బొమ్మ, డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి స్టిక్కర్లు) అన్నీ ఉన్నాయన్నాడు అమ్మేవాడు. నేరుగా పెయింట్ వేసుకోవచ్చన్నాడు. నా దగ్గరున్న జీటీ40 చాసిస్‌కి రెండు స్క్రూలు తిప్పితే కూర్చుంటుందన్నాడు. ఫొటోల్లో కారు చెక్క బల్ల మీద, కిటికీ వెలుగులో, ముట్టుకుంటే వేడి తగులుతుందేమో అన్నట్టు ఉంది. ధర 57 పౌండ్లు, 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' (ఆన్‌లైన్‌లో బంధుమిత్రులకి డబ్బు పంపే పద్ధతి) కింద డబ్బు పంపితే 5 తగ్గిస్తానన్నాడు. ఆ ఐదు పౌండ్లకి కక్కుర్తి పడ్డా. నా బుద్ధి అక్కడే గడ్డి తింది, ఎందుకో కింద చెప్తా.

ఐదు వారాలకి వచ్చింది. డబ్బా విప్పగానే మా ఆవిడ చూసి, "ఇదేంటండీ, దీనికి అమ్మవారు పోసినట్టుంది?" అంది. నిజంగానే అలాగే ఉంది, ముందు బానెట్ నిండా గాలి బుడగల చిల్లులు. గాజు పలక మీద పెడితే ఒక మూల లేచి టకటకమని ఊగింది. సరే, రెజిన్ అన్నాక ఇవి మామూలే. వంకర పోవాలంటే వేడి నీళ్లలో ఒక నిమిషం ముంచి, మెత్తబడ్డాక చదునుగా నొక్కిపెట్టి, అలాగే చల్లారనిస్తే సరిపోతుంది. చిల్లుల్లో పుట్టీ కూరి, తడి ఎమెరీ పేపర్‌తో రుద్దితే పోతాయి (పొడిగా రుద్దకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్క్ కూడా పెట్టుకోండి). మొదటి వారాంతం దానికే అయిపోయింది. అప్పటికి నాకు కోపం కూడా రాలేదు, పని దొరికిందని సంబరమే.

రెండో వారం ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత), దాని మీద లేత నీలం రెండు కోటింగులు. అబ్బ, ఎంత బాగా వచ్చిందో. తర్వాత డెకాల్స్ తీశా. 6వ నంబర్ ముక్క కత్తిరించి సాసర్‌లో నీళ్లలో వేసి, తుడుచుకోడానికి టిష్యూ తీసుకుని వెనక్కి తిరిగేసరికి నీళ్లు నల్లగా అయిపోయాయి! అంకె కరిగిపోతోంది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద కొట్టి, పైన వార్నిష్ కూడా వెయ్యకుండా పంపాడన్నమాట. మిగిలినవాటి మీద నేనే క్లియర్ స్ప్రే కొట్టి, ఆరబెట్టి, నారింజ పట్టీ ముక్క ఒకటి అతికించి చూశా. నారింజ కాస్తా తుప్పు రంగయింది. ఇంక్‌జెట్ ఇంకు పల్చన, కింద తెలుపు లేకపోతే అడుగున ఉన్న నీలం పైకి కొడుతుంది. నంబర్ వెనక ఉండాల్సిన తెల్ల గుండ్రం కూడా అంతే, ఆ ప్రింటర్లలో తెల్ల ఇంకు ఉండదు కాబట్టి అక్కడ తెలుపు బదులు బాడీ నీలమే కనిపిస్తుంది. రంగు కారు మీద వెయ్యడానికి డెకాల్స్ కొంటుంటే దేంతో ప్రింట్ చేశారో, తెలుపు విడిగా వేశారో లేదో అడగండి. జవాబు నసిగాడంటే వదిలెయ్యండి.

పోనీ పట్టీ నేనే పెయింట్ చేసుకుందామని మాస్కింగ్ టేప్ వేసి, నారింజ కొట్టి, టేప్ లాగేశా. టేప్‌తో పాటు నీలం, దాని కింద ప్రైమర్, అన్నీ కలిసి అరటి తొక్కలా ఊడొచ్చాయి. కింద రెజిన్ జిడ్డుగా, వేలికి జారుతూ ఉంది. అచ్చులోంచి సులువుగా ఊడటానికి రాసే నూనె లాంటిది అలాగే ఉంచేశాడు. ఇందులో నా తప్పూ ఉంది. నేరుగా పెయింట్ వేసుకోవచ్చన్న మాట నమ్మి కుళాయి కింద ఊరికే తడిపి వదిలేశా. ఎవడేం చెప్పినా సరే, రెజిన్ ముక్క ఏదైనా గోరువెచ్చని నీళ్లలో అంట్లు తోమే లిక్విడ్ వేసి, పాత టూత్‌బ్రష్‌తో మూలమూలలా రుద్ది కడగండి.

ఇంతవరకూ జరిగినవన్నీ ఓపికుంటే సరిచేసుకోగలిగేవే. అసలు దెబ్బ మూడో వారం తగిలింది. బాడీని చాసిస్ మీద కూర్చోబెడితే ముందు చక్రం ఆర్చ్‌కి (చక్రం పైన బాడీలో ఉండే వంపుకి) ఆనుకుంటోంది. వెనక చక్రాలు సరిచేస్తే ముందువి ఇరుక్కుంటున్నాయి, ముందువి సరిచేస్తే వెనకవి. శుక్రవారం క్లబ్‌కి పట్టుకెళ్తే అక్కడ డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన నా మాట పూర్తిగా వినకుండానే జేబులోంచి కొలతలు తీసే వెర్నియర్ తీశాడు. అసలు జీటీ40 వీల్‌బేస్ (ముందు చక్రాల మధ్య నుంచి వెనక చక్రాల మధ్యకి ఉండే దూరం) 95 అంగుళాలు, అంటే 2413 మిల్లీమీటర్లు. 32తో భాగిస్తే 75.4 రావాలి. నా బాడీలో ఆర్చ్ నుంచి ఆర్చ్‌కి 73.5 ఉంది. రెండు మిల్లీమీటర్లకి ఇంత రాద్ధాంతమా అనుకోకండి, అసలు కారు లెక్కలో అది ఆరు సెంటీమీటర్లు.

ఎందుకలా అంటే, ఇది కాపీ. ఎవరో కష్టపడి చేసిన బాడీ ఒకటి కొని, దాని మీద సిలికాన్ అచ్చు తీసి, అందులో రెజిన్ పోసి అమ్ముతున్నాడు. పోసిన ప్రతిసారీ రెజిన్ కొంచెం కుంచించుకుపోతుంది, కాపీకి కాపీ తీస్తే ఇంకొంచెం. రివెట్లు మాయమవుతాయి, డోర్ల గీతలు అరిగిపోయిన సబ్బు మీద అక్షరాల్లా అవుతాయి. పెద్దాయన అవన్నీ వేలితో చూపిస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మూడు వారాలు దాన్ని ముందేసుకుని కూర్చున్నా కదా, స్కేల్ పెట్టి కొలిచి చూసిన పాపాన పోలేదు.

ఇంటికొచ్చి అమ్మకం ఫొటోలని ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే అవీ వాడివి కావు. వేరే మోడలర్ ఎవరో, వేరే కంపెనీ కిట్‌తో చేసుకున్న కారు. పైన పటారం, లోన లొటారం.

డబ్బు వెనక్కివ్వమని రాశా. మొదటి మెసేజ్‌కి "అయ్యో, ఫొటోలు పంపండి" అన్నాడు. పంపాక, మీరు రుద్దేశారు, పెయింట్ వేసేశారు, అలాంటిది వెనక్కి తీసుకోను అన్నాడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఈ దేశంలో వ్యాపారస్తుడి దగ్గర ఆన్‌లైన్‌లో కొంటే మామూలుగా సరుకు చేతికొచ్చాక 14 రోజుల్లోపు ఆర్డర్ రద్దు చేసుకునే హక్కుంది, కానీ విడి వ్యక్తి దగ్గర కొంటే అది వర్తించదు, వీడేమో తను వ్యాపారస్తుణ్ణి కాదంటాడు. క్రెడిట్ కార్డు కంపెనీని బాధ్యుణ్ణి చేసే సెక్షన్ 75 ఉంది గానీ దానికి వస్తువు ధర 100 పౌండ్లు దాటాలి. ఇక 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' అంటే బంధువుకి పంపినట్టే లెక్క, అందులో కొన్నవాడికి రక్షణ ఏమీ ఉండదు. వాడు ఐదు పౌండ్లు ఎందుకు తగ్గించాడో అప్పుడు అర్థమైంది.

కాబట్టి కొనే ముందు, పెయింట్ వెయ్యని ఉత్త బాడీ ఫొటో అడగండి, పక్కన స్కేల్ పెట్టి తియ్యమనండి. లోపలి వైపు ఫొటో కూడా, ఆర్చ్‌ల దగ్గర గోడ మందం కనపడేలా. నిజాయితీగా అమ్మేవాళ్లు ఏమీ అనుకోరు, తర్వాత నేను ఇంకొకాయన్ని అడిగితే అరగంటలో ఆరు ఫొటోలు పంపాడు. డబ్బా రాగానే పెయింట్ జోలికి పోకుండా, రుద్దకుండా, ముందు చాసిస్ మీద ఆనించి చూసి, కొలిచి, తేడా ఉంటే అదే రోజు రాయండి. ఎమెరీ పేపర్ తగిలిందంటే ఇక అది మీ సొత్తే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి తెప్పించుకునేవాళ్లయితే మరీ జాగ్రత్త, పోస్టల్ ఖర్చు, కస్టమ్స్ కట్టి మరీ తెచ్చుకున్న సరుకు తిరిగి పంపాలంటే ఇంకో కిట్ ధర అవుతుంది.

నా బాడీ సంగతంటారా, వీల్‌బేస్ జరుపుకునే చాసిస్‌లు ఉన్నాయి, ఇటలీ స్లాట్.ఇట్ వాళ్ల హెచ్‌ఆర్‌ఎస్ లాంటివి. దాని మీద ఎక్కించి, ఆర్చ్‌లు లోపల్నుంచి పల్చగా అరగదీసి, పెయింట్ వేసే పద్ధతులు ప్రయత్నించి చూసుకోడానికి వాడుకుంటున్నా. విండ్‌స్క్రీన్ సూపర్ గ్లూతో అతికించి దాన్ని తెల్లగా పొగబారేలా చేసుకున్న ఘనత మాత్రం పూర్తిగా నాదే, అందులో అమ్మినవాడి పాత్రేమీ లేదు.

నిన్న రాత్రి చూస్తే కొత్త పేరుతో లోలా టీ70 కిట్ ఒకటి కనిపించింది. అదే చెక్క బల్ల, అదే కిటికీ వెలుగు. ఐదు పౌండ్ల తగ్గింపు కూడా అలాగే ఉంది.