ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్: ఏడేళ్లు లోపల పనిచేసినవాడి సమీక్ష

భారత నౌకాదళంలో 41 ఏళ్లు పనిచేసిన రాజ్‌పుత్ యుద్ధనౌక ఎలా ఉండేదని ఎవరడిగినా నేను మొదట దాని గొంతు గురించే చెబుతాను. నాలుగు గ్యాస్ టర్బైన్లు (ఇంధనం మండి వచ్చే వేడి వాయువుతో తిరిగే ఇంజన్లు) తిరుగుతున్నప్పుడు అందులోంచి వచ్చేది మోత కాదు, కూత. సన్నగా మొదలై పళ్లు జివ్వుమనేంత పైకి పోతుంది. ఈ నమూనా ఓడలను సోవియట్ నావికులు ‘పాడే ఓడలు’ అని పిలుచుకునేవారు. ఒడ్డున నిలబడి వింటే పాటే కావచ్చు. ఇంజన్ రూమ్‌లో నాలుగు గంటల వాచ్, అంటే వంతు డ్యూటీ, చేసినవాడికి మాత్రం కాదు. ఇప్పటికీ మా ఇంట్లో మిక్సీ వేస్తే నేను వరండాలోకి వెళ్లి కూర్చుంటాను.

ఇంజన్ విభాగంలో మెకానిక్‌గా ఆ ఓడ మీద రెండు విడతలు పనిచేశాను: 1991 నుంచి 1995 వరకు ఒకసారి, 2001 నుంచి 2004 వరకు మరోసారి. కాబట్టి ఇది బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపించే పై గదిలో, నిలబడి దూరదర్శినిలో చూసినవాడి సమీక్ష కాదు. చేతికి డీజిల్ అంటినవాడిది.

పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెబుతాను. నాటి సోవియట్ యూనియన్‌లో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని నికొలాయెవ్ నౌకా నిర్మాణ కేంద్రంలో 1976 సెప్టెంబర్‌లో పని మొదలైంది. మరుసటి సెప్టెంబర్‌లో నీటిలోకి దిగింది. అక్కడ పెట్టిన పేరు ‘నదేజ్నీ’, అంటే నమ్మదగినది అని అర్థం. 1980 మే 4న జార్జియా తీరంలోని పోతీలో, అప్పుడు మాస్కోలో మన రాయబారిగా ఉన్న ఐ.కె. గుజ్రాల్ చేతుల మీదుగా భారత నౌకాదళంలో చేరింది. మొదటి కమాండింగ్ ఆఫీసర్ కెప్టెన్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందానీ. 1988 జూన్ వరకు ముంబైలో ఉండి, తర్వాత విశాఖపట్నం వచ్చి తూర్పు నౌకాశ్రేణిలో కలిసింది. మిగిలిన జీవితమంతా మా ఊరి ఓడే.

ఇక అసలు విషయం, ఇంజన్లు. నేను దీనిలోకి రాకముందు ఆవిరి ఓడ మీద ఉండేవాడిని. ఆవిరి ఓడ కదలాలంటే బాయిలర్లు వెలిగించి, పీడనం పెంచి, పైపులు వేడెక్కేదాకా గంటల తరబడి కాపు కాయాలి. ఉదయం ఆరింటికి బయలుదేరే ఓడకు మాకు అర్ధరాత్రే తెల్లవారేది. రాజ్‌పుత్‌లో మొదటిసారి టర్బైన్లు అందుకోవడం చూసినప్పుడు, ఇంత తొందరగా అయిపోయిందేమిటని పక్కవాడిని అడిగాను. నిమిషాల్లో ఓడ సిద్ధం. ఇంత పెద్ద యుద్ధనౌకను పూర్తిగా గ్యాస్ టర్బైన్ల మీదే నడపడం ప్రపంచంలో మొదలైంది ఈ నమూనా ఓడల వంశంతోనే, 1962లో. నాలుగు టర్బైన్లు కలిసి ఇచ్చేది 72 వేల అశ్వశక్తి. నిండుగా ఎక్కించినప్పుడు దాదాపు 5,000 టన్నులుండే ఓడను అవి 35 నాట్ల (గంటకు దాదాపు 65 కిలోమీటర్ల) వేగానికి తీసుకుపోగలవు. పూర్తి వేగం ఇచ్చిన రోజున వెనుక డెక్ మీద నిలబడి నురగను చూస్తే ఒళ్లు పులకరించేది. అది మాత్రం నేను డబ్బిచ్చి అయినా మళ్లీ చూస్తాను.

పొగగొట్టాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చూసినవాళ్లందరూ అదేదో గొప్ప కోసం పెట్టారనుకుంటారు. జంటలు జంటలుగా నాలుగు, పెద్ద పెట్టెల్లాంటివి. వేడి వాయువు చల్లబడి బయటికి పోవడం ఒక ఉపయోగం. టర్బైన్ పాడైతే క్రేన్‌తో ఆ గొట్టం దారిలోనే పైకి లాగి కొత్తది దించవచ్చు, అది రెండోది. డెక్ కోయనక్కర్లేదు. ఈ ఆలోచన చేసినవాడెవరో గానీ, జీవితంలో ఒక్కసారైనా స్పానర్ పట్టి ఉంటాడు.

లోపం కూడా ఇంజన్‌లోనే ఉంది. నెమ్మదిగా నడిపితే పొదుపుగా తాగే చిన్న ఇంజన్ దీనికి లేదు. పెద్ద టర్బైన్‌తోనే పాకాలి. ఆటో స్టాండు దాకా వెళ్లడానికి లారీ తీసినట్టు. గస్తీ అంటే ఎక్కువ భాగం నెమ్మదిగా తిరగడమే కాబట్టి, ఇంధనం లెక్క చూసుకునేవాడికి నిద్ర ఉండేది కాదు. 18 నాట్లకు 4,500 నాటికల్ మైళ్లు (ఒక్కోటి సుమారు 1.85 కిలోమీటర్లు) పోగలిగే ఓడ 30 నాట్లకు 2,600 దగ్గర ఆగిపోతుంది. నడి సముద్రంలో ట్యాంకర్ పక్కన నడుస్తూ గొట్టంతో నూనె ఎక్కించుకోవడం మాకు అంత అలవాటైందంటే కారణం ఇదే.

రెండో ఇబ్బంది భాష. వాల్వుల మీద, మీటర్ల మీద రష్యన్ అక్షరాలు. కొత్తగా వచ్చినప్పుడు ‘పి’ అనుకుని చదివింది ‘ర’ అని తేలేది. నెలరోజుల్లో అలవాటైపోయి, తర్వాత బస్సు బోర్డుల మీద ఇంగ్లిష్ అక్షరాలు చదివేటప్పుడు తడబడేవాడిని. దీనికంటే పెద్ద చిక్కు నేను చేరిన సంవత్సరమే వచ్చింది. డిసెంబర్‌లో సోవియట్ యూనియన్ అనే దేశమే లేకుండా పోయింది. టర్బైన్లు పుట్టిన ఊరు ఉక్రెయిన్‌కు, ఆయుధాల వివరాలు తెలిసినవాళ్లు రష్యాకు వెళ్లారు. విడిభాగాల కోసం ఒక తలుపు తట్టేచోట ఇప్పుడు రెండు. అతుకులేసి, మార్చి, విశాఖలోనే తయారు చేసుకుని నడిపిన రోజులవి. మరమ్మతు అనే మాటకు అర్థం నాకు అప్పుడే తెలిసింది.

ఉండడానికి ఎలా ఉండేదంటే, 147 మీటర్ల పొడవున సుమారు 320 మంది. మూడంచెల బంకులు. చల్లటి సముద్రాల కోసం పుట్టిన నమూనా. మనకోసం మార్పులు చేశారు గానీ, మే నెల బంగాళాఖాతానికి ఆ మార్పుల సంగతి తెలియదు. బట్టలకు డీజిల్ వాసన పోయేది కాదు. మా ఆవిడ వాటిని వేరే బకెట్లో నానబెట్టేది. ఇంతకంటే ఈ విషయం మీద చెప్పేదేమీ లేదు. యుద్ధనౌక హోటల్ కాదు.

పెళ్లిళ్లలో తప్పని ప్రశ్న ఒకటుంది: “బాబాయ్, ఘాజీని ముంచింది మీ ఓడేగా?” కాదు. అది వేరే రాజ్‌పుత్. 1942లో బ్రిటిష్ నౌకాదళంలో ‘రోథర్‌హామ్’ పేరుతో చేరి, 1949లో మనకు వచ్చిన పాత డిస్ట్రాయర్. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి విశాఖ ముందు పాకిస్తాన్ జలాంతర్గామి మునిగిన ఘటనతో ముడిపడ్డ పేరు దానిది. డెప్త్ చార్జీలతో (నీటి లోతున పేలే బాంబులతో) ముంచామని మనవాళ్లంటారు, లోపలి పేలుడని పాకిస్తాన్ అంటుంది. ఆ ఓడ 1976లోనే సేవనుంచి తప్పుకుంది, మా ఓడ పని మొదలైన ఏడాదే. ఈ వివరమంతా చెప్పేసరికి అడిగినవాడు భోజనాల బంతిలో కూర్చుని ఉంటాడు.

మా రాజ్‌పుత్ ఏ యుద్ధంలోనూ క్షిపణి పేల్చలేదు. ఈ మాట చెబితే కొందరు పాత సహచరులకు కోపం వస్తుంది గానీ, నాకది తక్కువగా అనిపించదు. శ్రీలంక శాంతి దళం రోజుల్లో ఆ తీరాన గస్తీ, 1988లో మాల్దీవుల్లో తిరుగుబాటును అణచిన చర్య లాంటివి దాని రికార్డులో ఉన్నాయి. నేను చేరకముందువి కాబట్టి వాటి గురించి పెద్దలే చెప్పాలి. నేను కళ్లారా చూసింది వేరే. రెండో విడత వచ్చేసరికి ఓడకు ఇరవై ఏళ్లు దాటాయి. ఆ వయసులో దాని డెక్ మీద బ్రహ్మోస్ క్షిపణులను పేల్చే పెట్టెలు అమర్చారు. 2003 ఫిబ్రవరిలో సముద్రం మీద నుంచి బ్రహ్మోస్ ఎగిరింది ఈ ఓడ మీద నుంచే. మేము కింద ఉన్నాం. తలుపులన్నీ బిగించారు. ఒక్క కుదుపు, అంతే. పైకి వచ్చేసరికి డెక్ మీద మసి, అందరి ముఖాల్లో పెళ్లి కళ. కొత్త ఓడల మీదికి ఎక్కిన ఆయుధానికి ముందుగా భుజం ఇచ్చింది ఈ ముసలి ఓడ.

2021 మే 21న విశాఖ నావల్ డాక్‌యార్డ్‌లో దాన్ని సేవనుంచి తప్పించారు. కరోనా రోజులు కావడంతో ఊళ్లో ఉన్న అధికారులు, నావికులు కొందరితోనే ముగించారు. సూర్యాస్తమయానికి జెండా దించడం నేను ఫోనులో చూశాను, అయిదారు కిలోమీటర్ల దూరంలో ఇంట్లో కూర్చుని. 41 ఏళ్లలో 31 మంది కమాండింగ్ ఆఫీసర్లు, 7,87,194 నాటికల్ మైళ్లు. భూమిని 36 సార్లు చుట్టినంత అని పత్రికలు రాశాయి. అందులో ఎన్ని మైళ్లు నావో లెక్కవేద్దామని కాగితం తీసి, మధ్యలో వదిలేశాను.

ఆ నవంబర్‌లోనే ఐఎన్‌ఎస్ విశాఖపట్నం అనే కొత్త యుద్ధనౌక నౌకాదళంలో చేరింది. దాని టర్బైన్లు కూడా నికొలాయెవ్‌లో తయారైన వంశమేనని తెలిసి, డిసెంబర్ 4 నేవీ డే ముందు విన్యాసాలు చూడడానికి వెళ్లినప్పుడల్లా ఆర్కే బీచ్‌లో జనానికి కాస్త పక్కగా, గాలి సముద్రం వైపు నుంచి వీచే చోట నిలబడుతున్నాను. ఓడలు దూరంగానే పోతాయి. ఇంతవరకు కూత వినపడలేదు.